పరిచారికగా 34 ఏళ్ళు, పరిచర్య ఆ తర్వాత

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఉద్యోగ విరమణ తర్వాతి జీవితం గురించి ఒక వ్యాసం వచ్చింది. పొద్దున్నే నడవమని, ఉప్పు తగ్గించమని, పాత స్నేహితులతో మాట్లాడుతూ ఉండమని, చేతిలో ఉన్న డబ్బంతా ముందే పిల్లలకు పంచేయవద్దని అందులో చెప్పినవన్నీ పనికొచ్చే మాటలు. ఆ కాగితం ఇంకా దాచుకునే ఉన్నాను. అయితే మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వేశారు: "ఇన్నాళ్ళూ ఇతరుల కోసం బతికారు, ఇకనైనా మీ కోసం మీరు బతకండి." నా చదువు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అది నేను ఒకసారి చేసి చూసిన పని. ఎనిమిది నెలల పాటు చేశాను. ఆ ఎనిమిది నెలల సంగతీ, ఆ తర్వాతి సంగతీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే కత్తిరించండి. చివర ఒక విన్నపం ఉంది, దాన్ని మాత్రం దయచేసి ఉంచండి.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మా చుట్టాలు సగం మంది పాతపట్నం, టెక్కలి వైపు ఉండిపోయారు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, కొండ దిగి వచ్చే సవరలతో వాళ్ళ మాటలో నాలుగు ముక్కలు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ ఊరిలోనే. సవరల భాష నేర్చుకొని, దానికి నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు చదువు చెప్పించిన మనిషి ఆయన. పైన కొండల్లో సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషనరీలు ఆసుపత్రి పెట్టారు. పక్కనున్న రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సన్ అనే డెన్మార్కు వైద్యురాలు 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారపు బడిలో ఇలాంటివారి కథలు వింటూ పెరిగాను. నర్సు కావాలనే కోరిక పుట్టింది అక్కడే.

అనుకున్నట్టే నర్సునయ్యాను. 1982 నుంచి 2016 దాకా 34 ఏళ్ళు ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు ఆసుపత్రుల్లో పనిచేశాను. తెలుగులో నర్సును పరిచారిక అంటారు. మా సంఘాల్లో దేవుని పనిని పరిచర్య అంటారు. రెండూ ఒక వేరు నుంచి వచ్చిన మాటలు. పరిచారికగా ఇంతకాలం పనిచేసినదాన్ని కాబట్టి పరిచర్య కూడా చేసినట్టే అనుకుంటూ ఉండేదాన్ని. కానీ కాదు. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలియవలసింది, ఉద్యోగంలో చేరిన రెండో ఏడే.

ఒక మధ్యాహ్నం కుష్ఠు వ్యాధి ఉన్న పెద్దాయన ఆసుపత్రి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. కుడి అరికాలిలో రూపాయి బిళ్ళంత పుండు. వార్డులోకి రానివ్వలేదు. కట్టు కట్టమని నన్ను పంపారు. చేతులకు రెండు జతల తొడుగులు వేసుకొని, పట్టకారుతో దూది అందుకొని, చెయ్యి ఎంత చాపగలిగితే అంత దూరం నుంచి పుండు తుడిచాను. పట్టీని పైనుంచి వదిలాను. ఆయన నా వైపు చూసి, "తల్లీ, నీ చెయ్యి తగిలినా నా కాలికి తెలియదు, తగలకపోయినా తెలియదు. మరి ఎందుకమ్మా అంత భయం?" అన్నాడు. ఎత్తిపొడిచాడనుకొని ముఖం తిప్పుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అది ఎత్తిపొడుపు కాదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆయన మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎన్ని వేల కట్లు కట్టానో లెక్క లేదు, ఎన్ని కాన్పులు చూశానో లెక్క లేదు, నన్ను దీవించినవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ పట్టీ గాలిలోంచి జారి ఆయన పాదం మీద పడిన తీరు మాత్రం మరపు రాలేదు.

2016లో విరమణ. 2017 మొదట్లో మావారు పోయారు. పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. "అమ్మా, ఇక నీ ఇష్టం, నీకు నచ్చినట్టు ఉండు" అన్నారు, ప్రేమతోనే అన్నారు. అలాగే ఉన్నాను. కొత్త టీవీ కొన్నాను. మహేంద్రతనయ నది వైపు పొద్దున్నే నడక. హైదరాబాదులో అమ్మాయి దగ్గర నెలరోజులు. కిటికీలకు కొత్త తెరలు. ఏం తక్కువ? ఏమీ తక్కువ కాదు. కానీ ఏ రోజు చేసిన పని ఆ సాయంత్రానికే చేతిలోంచి జారిపోయేది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. వార్డులో రౌండుకు లేచే వేళ అది. లేచి కూర్చునేదాన్ని, చూడవలసిన మంచం ఒక్కటీ లేదు. ప్రార్థన చేద్దామంటే మాట వచ్చేది కాదు. ఆదివారం చర్చికి వెళ్ళి పాటలు పాడి వచ్చేదాన్ని. ఇంటి తాళం తీసేసరికి ఆ పాట కూడా గడప బయటే ఉండిపోయేది.

ఆ ఏడాది చివర్లో ఒక బుధవారం స్త్రీల సమాజం కూడిక ముగిశాక మా సంఘంలోని ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. చదువు రాని మనిషి. వాక్యం ఎవరైనా చదివితే విని మనసులో పెట్టుకుంటుంది. "నీకు కట్లు కట్టడం వచ్చుగా అమ్మా. రేపు నాతో రా" అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదని ఆమెకు తెలుసు కాబోలు.

ఊరి శివార్లలో కుష్ఠు బాధితుల కాలనీ ఉంది. 19 ఇళ్ళు. ఒకటిన్నర మైలు దూరంలో ఇన్నేళ్ళు బతికీ ఆ దారిలో ఎన్నడూ నడవలేదు. పెద్దమ్మ అప్పటికే ఆరేళ్ళుగా గురువారం గురువారం అక్కడికి వెళుతోందట. మా సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

అక్కడ చేసే పని చాలా చిన్నది, అయినా వివరంగా చెబుతాను. ఎవరికైనా పనికి రావచ్చు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి పాదాలు ఇరవై నిమిషాలు నాననివ్వాలి. మామూలు నీళ్ళే, వేడి నీళ్ళు ఎంతమాత్రం కూడదు. ఈ వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది, పాదాలకు స్పర్శ పోతుంది, కాలుతున్నా తెలియదు. హవాయి దీవుల్లో మొలకాయి అనే చోట కుష్ఠు రోగుల మధ్య 1873 నుంచి ఉండి సేవ చేసిన ఫాదర్ డేమియన్ గారికి తనకూ ఆ వ్యాధి సోకిందని రూఢి అయింది ఇలాగే. కాగే నీళ్ళలో కాలు పెట్టారు, బొబ్బలెక్కింది, నొప్పి మాత్రం లేదు. ఆయన 1889లో ఆ రోగంతోనే, ఆ మనుషుల మధ్యనే కన్ను మూశారు. మేం ప్రొటెస్టెంట్లం, ఆయన కాథలిక్కు. అయినా తొట్టిలో నీళ్ళు పోసి నా మోచేయి ముంచి చూసిన ప్రతిసారీ ఆయనే గుర్తుకు వస్తారు.

నానాక గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. బ్లేడు ముట్టకూడదు. ఈ పాదాలకు చెమట పట్టదు, అందువల్ల చర్మం ఎండి పగుళ్ళు వస్తాయి. తడి ఆరిపోకముందే కొబ్బరి నూనె పట్టిస్తే ఆ తడి లోపల నిలుస్తుంది. వేళ్ళ సందులు తుడవాలి. ఆ తర్వాతే అసలు పని, చూడడం. ఎక్కడైనా ఎర్రబారిందా, వేడిగా తగులుతోందా, నీరు పట్టిందా? ఆ మనిషికి తన పాదం కబురు చెప్పదు కాబట్టి మన కళ్ళు చెప్పాలి. చివరికి చెప్పులు బోర్లించి, లోపల వేలు పెట్టి ముల్లు గానీ, గులకరాయి గానీ ఉందేమో వెతకాలి. ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరుతో వీళ్ళ కోసం చెప్పులు చేస్తారు, వాటికి మేకులు కొట్టకూడదు. ఒక్క మేకు పైకి లేస్తే చాలు, రోజంతా దాని మీదే నడుస్తారు, సాయంత్రం రక్తం చూస్తేనే తెలుస్తుంది.

వేళ్ళు వ్యాధి వల్ల వాటంతట అవే రాలిపోతాయని మా చిన్నతనంలో అనేవారు. అది నిజం కాదని వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ తేల్చారు. నొప్పి తెలియక జరిగే గాయాలే వేళ్ళను తినేస్తాయి. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా రోగులకు మెలకువ రాని సందర్భాలు ఆయన కనిపెట్టి, ఇంటికి వెళ్ళే రోగికి ఒక పిల్లిని తోడిచ్చి పంపేవారట. మా కాలనీలో పిల్లులు ఎక్కువ. మొదట్లో అవి కట్ల గుడ్డలు లాగేస్తుంటే అదిలించేదాన్ని. ఇప్పుడు నేనే వాటికి పాలు తీసుకువెళ్తున్నాను.

ఆ మొదటి గురువారం నా ఎదుట కూర్చున్న తాత కాళ్ళు వెనక్కి లాగేసుకున్నాడు. "వద్దమ్మా. మీరు పెద్ద ఉద్యోగం చేసినవారు, మీరు ముట్టకూడదు" అన్నాడు. ముట్టనని ఆనాడు వరండాలో తిప్పుకున్నది నా ముఖం, కడగవద్దని ఇక్కడ లాగుకున్నది ఆయన పాదం. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రాత్రి పేతురు కూడా ఆయనతో ఇదే మాట అన్నాడు కదా, నా కాళ్ళు నువ్వు కడగకూడదని. యోహాను సువార్తలోని ఆ పదమూడో అధ్యాయం నాకు కంఠతా వచ్చు, చిన్నప్పుడు బహుమతి కూడా తెచ్చుకున్నాను. అందులో పళ్ళెం ఉందని, నీళ్ళు ఉన్నాయని, నడుముకు కట్టుకున్న తువాలు ఉందని, ఆ తువాలు తడిసి ఉంటుందని నాకు ఆ రోజు వరకూ తట్టలేదు. తాతకు ఏం చెప్పాలో తెలియక, "ఒకప్పుడు మీలాంటి ఒకాయన పాదం ముట్టుకోవడానికి భయపడ్డాను తాతా. ఆ అప్పు మీ దగ్గర తీర్చుకోనివ్వండి" అన్నాను. కాసేపు ఆలోచించి కాలు చాపాడు. తొడుగులు లేకుండా పట్టుకున్నాను. బరువుగా, పొడిగా, ఎండకు బీటలు వారిన చేనులా ఉంది. ఆ రాత్రి రెండు గంటలకు నాకు మెలకువ రాలేదు.

దీన్ని సంతోషం అనలేను. కొన్ని గురువారాలు నడుము పట్టేస్తుంది. చీము వాసన ఇంటికి వచ్చాక కూడా ముక్కును వదలదు. చెప్పిన జాగ్రత్త పాటించక పుండు పెంచుకున్నవాళ్ళ మీద కోపం వస్తుంది, అరిచిన రోజులూ ఉన్నాయి. తృప్తి అంటే ఇది కాదేమో అని కూడా అనుకున్నాను. కానీ తిన్న అన్నం ఒంటపట్టినట్టు, ఆ రోజు నాలో నిలిచేది. వెతికినప్పుడు దొరకనిది, నేను వేరే వాళ్ళ మడమ కేసి వంగి చూస్తున్నప్పుడు నా వెనక నుంచి వచ్చి కూర్చుంది. ప్రభువు అక్కడే ఉన్నాడని నా నమ్మకం. అల్పులైన వారికి చేసింది తనకే చేసినట్టని చెప్పినవాడు మరెక్కడ ఉంటాడు?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా తోటి నర్సులకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. "సేవ అనుకొని చేయండమ్మా" అంటూ చిన్న జీతాలతో పన్నెండేసి గంటలు పనిచేయించుకునే యాజమాన్యాల దగ్గర నేనూ పనిచేశాను. అది సేవ కాదు, దోపిడీ. నిస్వార్థం అనేది ఎవరికి వారు ఇచ్చుకోవలసినది. ఎదుటివారి నుంచి రాబట్టేది నిస్వార్థం కాదు. ఇంట్లో కోడలికీ, అత్తకూ ఇదే వర్తిస్తుంది. నేను ఫించను వస్తున్న మనిషిని, కడుపు నిండినదాన్ని, నా గురువారాన్ని నేను ఇవ్వగలను. కూలికి వెళ్ళే తల్లిని ఇవ్వమని అడిగే హక్కు నాకు లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి నేలకూలిన ఉద్దానం కొబ్బరి తోటలు మీ పాఠకులకు గుర్తుంటాయి. మా వైపు కొండచరియలు విరిగిపడ్డాయి, వాగులు పొంగాయి, గజపతి జిల్లాలో ఎందరో ప్రాణాలు పోయాయి. మా ఇంటి వెనక భాగం రేకులు లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోను లేదు, పిల్లలకు నేను ఉన్నానో లేదో తెలియదు. మూడో రోజు పొద్దున తలుపు చప్పుడైంది. తెరిస్తే కాలనీ వాళ్ళు. తాత, ఇంకో నలుగురు. వాళ్ళ ఇళ్ళ తాటాకులు కూడా గాలికి పోయాయి. అయినా తడవని కట్టెలు ఒక మోపు, సంచిలో బియ్యం పట్టుకొని ఆ బురదలో నడిచి వచ్చారు. నాకు ముందు కనిపించింది వాళ్ళ కాళ్ళు. తడిసిన కట్లు, చెప్పుల నిండా ఒండ్రు. "ఈ కాళ్ళతో ఎందుకు వచ్చారు, పుండ్లు పడతాయని తెలియదా?" అని కేకలేశాను. తాత నవ్వి, "గురువారం పోయి శనివారం వచ్చింది, మీరు రాలేదు. మరి మేమే వచ్చాం" అన్నాడు.

వాళ్ళే పొయ్యి వెలిగించారు. వేళ్ళు లేని చేతుల మధ్య గిన్నె ఇరికించుకొని తాత నాకు గంజి పోశాడు. ఇవ్వడం నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది, పుచ్చుకోవడం ఇంకా కష్టమని ఆ పూట తెలిసింది. మొదటి గుక్క తాగే ముందు నా చెయ్యి వణికింది. ఎందుకని దాచను, వరండాలో పట్టీ జారవిడిచిన నర్సు ఇంకా నాలో ఎక్కడో ఉంది. ఆ గిన్నె ఖాళీ చేసేటప్పటికి వెళ్ళిపోయింది.

ఒకసారి కాలనీ దగ్గర ఒక యువకుడు నన్ను ఆపాడు. మర్యాదగానే అడిగాడు, "అమ్మా, ఇలా చేసి ఇప్పటికి ఎంతమందిని మీ మతంలో కలిపారు?" అని. ఈ ప్రశ్నకు నాకు కోపం రాదు. ఒడిశాలో 1967 నుంచే బలవంతపు, ప్రలోభపు మత మార్పిడుల మీద చట్టం ఉంది. అనుమానాలు ఊరికే పుట్టవు, ఎక్కడో ఎవరో సాయాన్ని ఎరగా వాడి ఉంటారు. వాడితే తప్పే. రొట్టెతో కొన్న విశ్వాసం రొట్టె ఉన్నంతసేపే ఉంటుంది. ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇంతే: "ప్రభువు ఆ రాత్రి పన్నెండు మంది కాళ్ళు కడిగాడు బాబూ. ఆ తర్వాత కాసేపటికి బయటికి వెళ్ళి ఆయనను పట్టించిన యూదా కాళ్ళు కూడా అందులో ఉన్నాయి. నాతో ఉంటావా అని అడిగి కడగలేదు." కాలనీలో ఎక్కువ ఇళ్ళు హిందువులవి. గురువారం మేం ప్రసంగాలు చేయం. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే చేస్తాను, అడగకపోతే ఇంటికి వెళ్ళి చేసుకుంటాను. సేవాగ్రామ్‌లో గాంధీజీ పర్చురే శాస్త్రి గారి కుష్ఠు పుండ్లను స్వయంగా శుభ్రం చేసేవారని కూడా చెప్పాను. ఆ అబ్బాయి నమ్మాడో లేదో తెలియదు. కానీ వెళ్ళిపోలేదు. పని అయ్యేదాకా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వెళ్ళే ముందు తొట్లలోని మురికి నీళ్ళు మోసుకెళ్ళి పారబోశాడు.

మా వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా సంఘంలో కొత్త మైకుసెట్టుకు చందా ఒక్క ఆదివారంలో పోగైంది. పాదాలు నానబెట్టే తొట్లకు మూడు నెలలు పట్టింది. పరిచర్య అంటే వేదిక ఎక్కి మాట్లాడడం అనే అర్థం మనలో పాతుకుపోయింది. చక్కగా ప్రసంగించే యువకుడిని "పరిచర్యలో ఉన్నాడు" అంటాం. గురువారం తొట్లు కడిగే పెద్దమ్మను ఎవరూ అలా అనలేదు. ఆమె పోయిన ఏడాది ప్రభువు దగ్గరికి వెళ్ళింది. సమాధి కార్యక్రమానికి కాలనీ నుంచి పదకొండు మంది వచ్చి, ఎవరూ చెప్పకపోయినా వెనక వరుసలో నిలబడ్డారు. మా కాపరి గారు వెళ్ళి వాళ్ళను ముందుకు తీసుకువచ్చారు. అది ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో నాకు బాగా గుర్తున్నది.

ఇక నా తప్పు. నాలుగేళ్ళ క్రితం ఒక జనవరి 30న, కుష్ఠు వ్యతిరేక దినం రోజున, వేరే ఊరి నుంచి ఒక బృందం బ్యానరుతో, పళ్ళ బుట్టలతో వచ్చింది. నేను తాత పాదం కడుగుతూ ఉండగా ఫొటో తీస్తామన్నారు. వద్దనలేదు. నిజం చెప్పాలంటే పమిట సర్దుకొని కూర్చున్నాను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఆ క్షణాన నా దరిదాపుల్లో లేదు. ఆ ఫొటో ఫోన్లలో తిరిగింది, ఒక పత్రికలోనూ వచ్చింది. బంధువులు మెచ్చుకుంటూ ఫోన్లు చేశారు. నా ముఖం వెలిగిపోతూ ఉంది అందులో. తాత ముఖం కూడా స్పష్టంగా ఉంది.

తాతకు ఒక కూతురు ఉంది. టెక్కలి వైపు ఇచ్చారు. తండ్రి లేడని చెప్పి పెళ్ళి చేశారు. ఆ ఫొటో ఆమె అత్తగారింటికి చేరింది. గొడవ జరిగింది. మూడేళ్ళ మనవరాలితో ఆమె పుట్టింటి వారి దగ్గరికి తిరిగి వచ్చేసింది. ఆమెకు వ్యాధి లేదు, ఎన్నడూ రాలేదు. తాతకు కూడా ఇరవై ఏళ్ళ క్రితమే మాత్రలతో పూర్తిగా నయమైంది, ఆయన నుంచి ఎవరికీ ఏమీ సోకదు. ఇవన్నీ ఎవరు వింటారు? 1898 నాటి కుష్ఠు రోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో తీసేశారు, 1869 నాటి మా క్రైస్తవ విడాకుల చట్టంలోంచి కూడా. చట్టంలోంచి పోయింది గానీ వీధిలోంచి పోలేదు.

తాత నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి గురువారం ఎప్పటిలాగే కాలు చాపాడు. ఆ పాదం పట్టుకొని ఎంత ఏడ్చానో ఆ తొట్టికి తెలుసు. అమ్మాయి అత్తగారింటికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి గుమ్మంలోంచే పంపేశారు. రెండోసారి నా నర్సు గుర్తింపు కార్డు, తాత మందుల కార్డు పట్టుకెళ్ళి వ్యాధి గురించి గంటసేపు చెప్పాను, విన్నారు. మూడోసారి అత్తగారు మంచినీళ్ళు ఇచ్చి, "ఆయన పక్కన మీరు కూర్చుంటారా?" అని అడిగింది. "కూర్చుంటాను, ఆయన వండిన గంజి తాగాను" అన్నాను. అమ్మాయిని తీసుకువెళ్ళారు. ఇప్పుడు ఆమె మూడు నెలలకు ఒకసారి తండ్రిని చూడడానికి వస్తుంది. చీకటి పడ్డాకే వస్తుంది. అంతవరకే బాగుపడింది.

అందుకే నా విన్నపం. జనవరి 30 వచ్చినప్పుడల్లా మీలాంటి పత్రికలు పళ్ళు పంచే ఫొటోలు వేస్తుంటాయి. వేయవద్దు. ఆ మనుషుల ముఖాలు, వేళ్ళు పోయిన చేతులు వేయవద్దు. నాలాంటి వారి ముఖాలు అసలే వద్దు. ఆ చోటులో ఈ నాలుగు సంగతులు పెద్ద అక్షరాలతో వేయండి: ఒంటి మీద చర్మం రంగు తగ్గిన మచ్చ గానీ, ఎర్రబారిన మచ్చ గానీ ఉండి, దురద లేక, నొప్పి లేక, అక్కడ ముట్టుకుంటే తెలియకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మాత్రలు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు సోకే గుణం పోతుంది. ఆలస్యం చేస్తే మాత్రం మందు క్రిమిని చంపగలదు గానీ పోయిన స్పర్శను తిరిగి తేలేదు. 2005 చివరికి దేశం మొత్తం మీద ఈ వ్యాధి పదివేల మందిలో ఒకరి కన్నా తక్కువకు తగ్గిందని ప్రకటించిన తర్వాత చాలామంది ఇది ఇక లేదనుకుంటున్నారు. ఇప్పటికీ ఏటా లక్ష మంది దాకా కొత్తగా బయటపడుతున్నారు. వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు.

మీ వ్యాసం రాసినవారికి కూడా ఒక మాట. "మీ కోసం మీరు బతకండి" అన్నది అలసిపోయిన వాళ్ళ మీద జాలితో అన్న మాట అని నాకు తెలుసు. వాళ్ళకు విశ్రాంతి కావాలి, తీసుకోవాలి. కానీ విశ్రాంతి తీరిన తర్వాత కూడా రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునేవాళ్ళు మీ పాఠకుల్లో ఎందరో ఉంటారు. వాళ్ళ ఊళ్ళలోనూ ఒకటిన్నర మైలు దూరంలో ఏదో ఒక దారి ఉండే ఉంటుంది. వాళ్ళు ఏ గుడికి వెళ్ళేవారైనా సరే, ఎవరైనా పెద్దమ్మ వచ్చి రమ్మంటే ఎక్కడికని అడగకుండా ఒక్కసారి వెళ్ళమని వచ్చే వ్యాసంలో రాయమనండి.

ఇది బుధవారం రాత్రి రాస్తున్నాను. పాత నేత చీర చింపి గుడ్డలు మడతపెట్టాను. నూనె సీసా నింపాను. పోయిన వారం తాత ఎడమ మడమ మీద చిన్న ఎర్ర మచ్చ కనిపించింది, వేడిగా తగిలింది. నడక తగ్గించమని, చెప్పులు మార్చమని చెప్పి వచ్చాను. తగ్గిందో లేదో రేపు చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.
(పేరు ప్రచురించవద్దని మనవి.)